ఆయత్‌కు ముందు, ఆయత్‌కు తర్వాత

నంద్యాలలో మాకు చిరకాలంగా పరిచయమున్న కుటుంబం ఒకటి ఉన్నది. ఆ ఇంటి పెద్దమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. ఇటీవల ఒక సాయంకాలం మేము వెళ్ళేసరికి మగ్రిబ్ నమాజు ముగిసింది. చాయ్ వచ్చింది గాని, ఇంట్లో ఎప్పుడూ ఉండే సందడి కనిపించలేదు. కారణం కొద్దిసేపటికి తెలిసింది. అమ్మాయి తరగతి పిల్లల వాట్సప్ గ్రూపులో ఎవరో ఒక బొమ్మ పంపారు. దానిమీద దివ్యఖుర్ఆన్‌లోని తౌబా సూరా అయిదవ ఆయత్ తెలుగు అనువాదం ఉన్నది, అదీ సగం మాత్రమే. నిషిద్ధ మాసాలు గడిచాక ముష్రికులను దొరికిన చోట వధించమని చెప్పే భాగం ఒక్కటే తీసి, కింద ఒక ప్రశ్న తగిలించారు: మీ గ్రంథం చెప్పేది ఇదేనా?

అమ్మాయి ఫోను తండ్రికి చూపి, "అబ్బా, ఇది నిజంగా మన ఖుర్ఆన్‌లో ఉందా?" అని అడిగిందట. ఆయనకు కోపం వచ్చింది. పంపినవారిని నాలుగు మాటలని, ఆ గ్రూపులోనుంచి బయటికి వచ్చేయమన్నారు. అమ్మాయి వచ్చేసింది. ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అమ్మాయి మావైపు తిరిగి, "చాచా, వాళ్ళకు ఉందని చెప్పమంటారా, లేదని చెప్పమంటారా?" అని అడిగింది.

ఉందనే చెప్పాలన్నాము. అక్కడ మొదలైన మాటలు ఇషా అజాన్ వరకు సాగాయి. మరునాడు ఆ తండ్రితో కలిసి ఆళ్ళగడ్డలో ఒక వలీమాకు వెళ్ళవలసి ఉండగా, దారి పొడవునా అవే మాటలు కొనసాగాయి. ఆ రెండు రోజుల ఆలోచనల సారాంశమే ఈ వ్యాసం.

మూడు తొందరపాటు జవాబులు

ఇటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు మనలో చాలామంది మూడు జవాబుల్లో ఏదో ఒకటి ఎంచుకుంటారు. మొదటిది కోపం. కోపం వచ్చినవాడి దగ్గర సమాధానం లేదని వినేవారు అనుకుంటారు. మన పిల్లలూ అలాగే అనుకుంటారు. రెండవది, అలాంటి మాట మా గ్రంథంలో లేనేలేదనటం. అది అసత్యం. దైవగ్రంథాన్ని కాపాడటానికి అసత్యాన్ని ఆశ్రయించే అవసరం విశ్వాసికి ఉండదు. మూడవది, మీ గ్రంథంలో మాత్రం లేదా అని ఎదురు ప్రశ్న వేయటం. దానితో ఎదుటివారి నోరు మూయించవచ్చు గాని, మన బిడ్డ మనసులోని సందేహం తీరదు.

ఈ మూడూ కాకుండా నాలుగవ దారి ఒకటి ఉన్నది. అది కొంత శ్రమతో కూడినది. గ్రంథం తెరిచి, ఆ ఆయత్‌కు ముందేమున్నదో, తర్వాత ఏమున్నదో చదవటం. ఆ రాత్రి మేము చేసినది అదే. అమ్మాయి అల్మారాలోనుంచి తెలుగు అనువాదం తెచ్చింది. తౌబా సూరా మొదటి ఆయత్ నుండి పదమూడవ ఆయత్ వరకు ఆమె చేతనే చదివించాము.

అయిదవ ఆయత్‌కు అటూ ఇటూ

ఆ ఆయతులు ఎప్పటివి? దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాలో పదమూడేళ్ళు ధర్మప్రచారం చేశారు. ఆ పదమూడేళ్ళలో అనుచరులు కొట్టబడ్డారు, చంపబడ్డారు, సాంఘిక బహిష్కారానికి గురయ్యారు. అయినా తిరిగి ఆయుధం పట్టే అనుమతి రాలేదు. మదీనాకు వలస వెళ్ళాకనే, అన్యాయంగా ఇళ్ళలోనుంచి వెళ్ళగొట్టబడిన వారికి పోరాడే అనుమతి వచ్చింది. ఆ అనుమతినిచ్చిన హజ్ సూరా ఆయతులు (22:39-40) దానికి కారణాన్నీ చెబుతాయి. దైవం కొందరిని మరికొందరి ద్వారా అడ్డుకోకపోతే సన్యాసుల ఆశ్రమాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు, మస్జిదులు నేలమట్టమై ఉండేవన్నది ఆ ఆయతుల భావం. పోరాట అనుమతి తొలిసారి వచ్చినప్పుడే దాని పక్కన ఇతరుల ఆరాధనాలయాల ప్రస్తావన ఉన్నదన్న సంగతి మనం గమనించాలి.

ఆ తర్వాత 628లో హుదైబియా ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఖుజాఆ తెగ ముస్లిముల పక్షాన, బనూ బక్ర్ తెగ ఖురైషుల పక్షాన చేరాయి. ఒప్పందం నడుస్తుండగానే బనూ బక్ర్ వారు ఖుజాఆ వారిపై దాడి చేశారు. ఖురైషులు వారికి తోడ్పడ్డారు. అలా ఒప్పందం భగ్నమైంది. 630లో మక్కా విజయమైనప్పుడు దైవప్రవక్త (స) తనను హింసించిన ఆ నగరాన్ని క్షమించారు. 631 హజ్ సమయంలో, హజ్రత్ అబూబక్ర్ (రజి) నాయకత్వాన యాత్ర సాగుతుండగా, హజ్రత్ అలీ (రజి) వచ్చి తౌబా సూరాలోని ప్రకటనను ప్రజలకు వినిపించారు. పదే పదే ఒప్పందాలు మీరిన తెగలకు అందులో నాలుగు నెలల గడువు ఇవ్వబడింది.

ఇప్పుడు ఆయతుల వరుస చూడండి. ఒప్పందాన్ని నిలబెట్టుకున్న ముష్రికులతో ఆ గడువు తీరేవరకు ఒప్పందాన్ని పాటించవలసిందేనని నాల్గవ ఆయత్ ఆదేశిస్తుంది. అయిదవది ఆ బొమ్మలో ఉన్నది. ముష్రికులలో ఎవరైనా శరణు కోరితే అతనికి శరణు ఇవ్వాలని, దైవవాణి విన్న తర్వాత అతన్ని సురక్షిత స్థలానికి చేర్చాలని ఆరవ ఆయత్ చెబుతుంది. ఎవరితో పోరాటమో పదమూడవ ఆయత్ స్పష్టం చేస్తుంది: ప్రమాణాలను భంగపరచినవారు, ప్రవక్తను వెళ్ళగొట్టాలని చూసినవారు, మొదట దాడికి దిగినవారు.

అమ్మాయి ఇక్కడ ఆగి ఒక మంచి సందేహం లేవనెత్తింది. అయిదవ ఆయత్ చివర, వారు పశ్చాత్తాపపడి నమాజు స్థాపించి జకాత్ ఇస్తే వదిలిపెట్టమని ఉన్నది కదా, అయితే మతం మారనందుకే యుద్ధమా అని అడిగింది. దాటవేయదగిన ప్రశ్న కాదది. జవాబు మళ్ళీ ఆ పక్క ఆయతులలోనే ఉన్నది. ముష్రికుడిగా ఉండటమే యుద్ధానికి కారణమైతే, ఒప్పందానికి కట్టుబడిన ముష్రికుడిని నాల్గవ ఆయత్ ఎందుకు మినహాయిస్తుంది? ధర్మం స్వీకరించాలన్న షరతు లేకుండానే శరణార్థిని క్షేమంగా సాగనంపమని ఆరవ ఆయత్ ఎందుకు ఆదేశిస్తుంది? ధర్మం విషయంలో బలవంతం లేదన్న బఖరా సూరా ఆయత్ (2:256) మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. మన దేశపు ముస్లిములలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ కూడా ఈ ఆదేశాన్ని అరబ్బు ముష్రికులకే పరిమితం చేసింది.

ఇంత చదవటానికి పట్టిన సమయం ఇరవై నిమిషాలు. ఆ బొమ్మ చూడటానికి పట్టేది అయిదు క్షణాలు. చిక్కంతా ఈ తేడాలోనే ఉన్నది.

మనలోని అభిప్రాయ భేదం

అయితే మరొక నిజం కూడా మన పిల్లలకు మనమే చెప్పాలి. ఈ ఆయత్ విషయంలో మన పండితులందరిదీ ఎన్నడూ ఒకే మాట కాదు. తర్వాత అవతరించిన ఈ ఆయత్ అంతకు ముందటి సహన, సంధి ఆయతులను ఎన్నింటినో రద్దు చేసిందని పూర్వ వ్యాఖ్యాతలు కొందరు భావించారు. అలా రద్దయినవి వందకు పైనే అని లెక్క వేసినవారూ ఉన్నారు. మరి కొందరు ఆ లెక్కను అంగీకరించలేదు. ఇమామ్ సుయూతీ ఆ సంఖ్యను ఇరవై ప్రాంతానికి తగ్గించారు. 18వ శతాబ్దంలో ఢిల్లీకి చెందిన షా వలీయుల్లాహ్ ఒక్కొక్క ఆయత్‌నూ పరిశీలించి, నిజంగా రద్దయినవని చెప్పదగినవి అయిదు మాత్రమేనని తేల్చారు. శాంతి వైపు శత్రువు మొగ్గితే మీరూ మొగ్గండన్న ఆదేశం (8:61), మీపై యుద్ధానికి రాని వారితో మంచిగా, న్యాయంగా వ్యవహరించటాన్ని దైవం వారించడన్న మాట (60:8) ఈనాటికీ అమలులో ఉన్నవే.

ఒక ఆయత్‌ను తుంచి ఆయుధంగా వాడటం వాట్సప్‌తో పుట్టిన విద్య కూడా కాదు. అది మొదట మనలోనే పుట్టింది. 657లో సిఫ్ఫీన్ యుద్ధం తర్వాత ఖారిజీలు హజ్రత్ అలీ (రజి)పై తిరగబడ్డారు. తీర్పు అల్లాహ్‌దే అన్నది వారి నినాదం. అది ఖుర్ఆన్ మాటే. హజ్రత్ అలీ దానిని విని, ఆ మాట సత్యమేనని, దానితో వారు సాధించదలచినది మాత్రం అసత్యమని అన్నారు. వారిలో అనేకులు ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు, రాత్రులు నమాజులలో గడిపినవారు. చెట్టు కింద రాలిన ఖర్జూరాన్ని యజమానికి వెల చెల్లించకుండా తినటానికి జంకినవారే, దారిన పోతున్న అబ్దుల్లాహ్ ఇబ్నె ఖబ్బాబ్‌ను, నిండు గర్భిణి అయిన ఆయన ఇల్లాలిని వధించారని చరిత్రకారులు రాశారు. గ్రంథం కంఠంలో ఉన్నంత మాత్రాన దాని హద్దులు హృదయంలో ఉన్నట్లు కాదు. ఈ సంగతి ఇతరులు మనకు చెప్పకముందే మన చరిత్ర మనకు చెప్పింది.

పొరుగువారి గ్రంథాలు

మరునాడు ఉదయం ఆళ్ళగడ్డకు బయలుదేరాము. నంద్యాల నుండి నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. నంద్యాల ఊరు విడిచే ముందు హోలీ క్రాస్ కెథడ్రల్ మాట వచ్చింది. ఈ ప్రాంతంలో ఎస్.పి.జి. మిషన్ వారు నాటిన క్రైస్తవం నేడు వేలాది కుటుంబాల విశ్వాసం. వారి బైబిల్‌లోనూ కఠినమైన ఘట్టాలు ఉన్నాయి. యెహోషువ గ్రంథంలో యెరికో పట్టణ సంహారం ఉన్నది. సమూయేలు మొదటి గ్రంథం పదిహేనవ అధ్యాయంలో అమాలేకీయులను స్త్రీలు, పసిపిల్లలతో సహా తుడిచిపెట్టమన్న ఆజ్ఞ ఉన్నది. వీటిని చదివి రెండవ శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన పాత నిబంధననే పూర్తిగా తోసివేయాలన్నాడు. చర్చి అందుకు ఒప్పుకోలేదు, అతన్నే వెలివేసింది. ఆ తర్వాతి శతాబ్దంలో ఓరిజెన్ అనే పండితుడు ఆ యుద్ధాలను మనిషి తన పాపాలతో చేసే పోరాటానికి సంకేతాలుగా వ్యాఖ్యానించాడు. కంటికి కన్ను అన్న పాత న్యాయాన్ని యేసు కొండమీది ప్రసంగంలోని క్షమ వెలుగులో చదవాలని నేటి క్రైస్తవులు అనేకులు చెబుతారు. కష్టమైన వాక్యం ముందు వారూ మనలాగే ఆగి ఆలోచించారు.

భగవద్గీత పుట్టిందే యుద్ధభూమిలో. దానిని బాలగంగాధర తిలక్ మాండలే జైలులో కూర్చుని వ్యాఖ్యానిస్తూ కర్మయోగ శాస్త్రంగా చూశారు. గాంధీజీ 1930లో వెలువడిన తన గుజరాతీ అనువాదంలో కురుక్షేత్రాన్ని మనిషి హృదయంలో జరిగే పోరాటంగా చూశారు. అదే గాంధీజీని కాల్చి చంపిన హంతకుడు 1949లో ఉరికంబం ఎక్కేటప్పుడు చేతిలో పట్టుకున్నదీ గీతనే. గ్రంథం ఒక్కటే. ఒకరిని అది అహింస వైపు నడిపించింది, మరొకరు దానిని తన హింసకు తోడు తెచ్చుకున్నారు. దీనికోసం గీతను నిందించటం ఎంత అన్యాయమో, ఖారిజీలకోసం ఖుర్ఆన్‌ను నిందించటమూ అంతే అన్యాయం.

సిరివెళ్ళ దాటాక తూర్పున నల్లమల కొండలు కనిపిస్తూ వచ్చాయి. ఆ కొండలలోనే, ఆళ్ళగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం ఉన్నది. హిరణ్యకశిపుని గోళ్ళతో చీల్చిన నరసింహుని కథకు హిందూ సోదరులు ఆ క్షేత్రాన్నే స్థానంగా భావిస్తారు. ఆళ్ళగడ్డ శిల్పులు తరతరాలుగా దేవతామూర్తులను రాతిలో మలిచేవారు. మన విశ్వాసం తౌహీద్. విగ్రహారాధనలో మనకు పాలు లేదు. అయినా పొరుగువారు తమ కథను ఎలా అర్థం చేసుకుంటారో తెలుసుకోవటం వేరు, దానిని విశ్వసించటం వేరు. అహోబిలంలో నరసింహునికి తొమ్మిది రూపాలు. వాటిలో జ్వాలా నరసింహం సంహారాన్ని సూచిస్తే, యోగానంద నరసింహం ప్రహ్లాదునికి యోగం బోధించిన శాంతరూపమని వారి నమ్మకం. పోతన తెలుగు చేసిన భాగవతం సప్తమ స్కంధంలో సంహారంతో కథ ముగియదు. ఎవ్వరూ సమీపించలేని ఆ ఉగ్రత్వం ఒక పసివాడి ప్రార్థనతో శాంతిస్తుంది. తనను ఎన్ని విధాలుగానో చంపజూసిన తండ్రిని మన్నించి, పవిత్రుణ్ణి చేయమని ప్రహ్లాదుడు వరం అడుగుతాడు. చీల్చిన గోళ్ళను మాత్రమే చూసేవాడు ఆ కథను సగమే చదివినట్లు. తౌబా సూరా అయిదవ ఆయత్‌ను మాత్రమే చూసేవాడు చేసిందీ అదే.

మన గ్రంథానికి సందర్భం అడిగే హక్కు మనకు కావాలంటే, ఇతరుల గ్రంథాలకు ఆ హక్కు ముందుగా మనం ఇవ్వాలి. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదని మాయిదా సూరా (5:8) హెచ్చరించింది. ఇతరులు పూజించే వాటిని దూషించవద్దని అన్‌ఆమ్ సూరా (6:108) వారించింది. పొరుగువారి పురాణాలలోని కఠిన వాక్యాలను ఏరి, వెక్కిరింపుగా పంపే సందేశాలు మన గ్రూపులలోనూ తిరుగుతుంటాయి. వాటిని ముందుకు పంపే వేలికి ఈ రెండు ఆయతులూ వర్తిస్తాయి.

ఇలా చదవటంలో మనకు ఆదర్శంగా నిలిచే ఒక తెలుగు పండితుడికి నంద్యాలతో సంబంధం ఉన్నది. దత్తమండలాలుగా పిలువబడిన ఈ సీమకు రాయలసీమ అన్న పేరును 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావు గారు. దివ్యఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినదీ ఆయనే. ఆయన ముస్లిం కాదు. తన విశ్వాసం తనది. అయినా పొరుగువారి గ్రంథాన్ని ఒక వాక్యం తుంచి చూడలేదు; మొదటి పుట నుండి చివరి పుట వరకు చదివి తన భాషలోకి తెచ్చారు. ఆయన తర్వాత కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారు, మరెందరో ఆ పనిని ముందుకు తీసుకుపోయారు. ఆ సాయంత్రం అమ్మాయి చేతిలో తెలుగు ఖుర్ఆన్ ఉండటానికి వెనుక ఇంతమంది శ్రమ ఉన్నది.

గ్రంథంలో లేని హింస

అహోబిలం పేరు వచ్చింది కనుక మరొక చేదు నిజాన్నీ దాచరాదు. 1579లో గోల్కొండ సుల్తాన్ ఇబ్రాహీం కుతుబ్ షా సైన్యం అహోబిలం ఆలయాన్ని దోచుకున్నది. కెంపులు పొదిగిన విగ్రహాన్ని సుల్తానుకు కానుకగా గోల్కొండకు తరలించారు. ఆ సైన్యానికి నాయకుడు మురహరిరావు అనే బ్రాహ్మణుడు. సుల్తానుతో చేతులు కలిపినవారిలో హండె నాయకులూ ఉన్నారు. కొన్నేళ్ళకు విజయనగర ప్రభువు శ్రీరంగరాయల సామంతులు ఆ క్షేత్రాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్నారు.

సేనాని హిందువు కనుక ఆ తప్పు మనది కాదని తప్పించుకోవటం సులభం. మేము అలా అనము. సుల్తాన్ పేరు ఇబ్రాహీం కనుక ఆ పని ఇస్లాం పని అనటమూ సత్యం కాదు. అది రాజ్యకాంక్ష, ధనకాంక్ష. కృష్ణదేవరాయలు దర్శించి కానుకలిచ్చిన ఆలయాన్ని దోచటమంటే విజయనగర ప్రతిష్ఠను దెబ్బతీయటమని నాటి రాజనీతి. దానికి ఏ ఆయత్ ఆధారం కాదు. ఇతరుల ఆరాధనాలయాల కూల్చివేతను ఒక కీడుగా పేర్కొన్న హజ్ సూరాతో తూచితే, అది అన్యాయమని చెప్పటానికి మనం వెనుకాడనవసరం లేదు. సొంతవారు చేసినా అన్యాయాన్ని అన్యాయమనే సాక్ష్యం చెప్పమని నిసా సూరా (4:135) మనకు నేర్పింది.

ఆళ్ళగడ్డకు అర్థమయ్యే ఆయత్

వలీమా భోజనాల దగ్గర హిందువులు, ముస్లిములు పక్కపక్కనే కూర్చున్నారు. భోజనాలయ్యాక కొందరు పెద్దలు పాత రోజులు తలచుకున్నారు. ఆళ్ళగడ్డ పేరు వింటే బయటి ఊళ్ళవారికి ఫ్యాక్షన్ గుర్తుకు వచ్చే రోజులుండేవి. ఒక హత్యకు మరో హత్య. చంపినవాడు దొరకకపోతే అన్న. అన్న దొరకకపోతే బాబాయి. చివరికి పక్షంలో ఎవరైనా సరే. చచ్చినవాడి పసివాడు పెరిగి పెద్దవాడయ్యేవరకు ఇరువైపులా నిద్ర ఉండేది కాదు. మతమేదైనా ఆ మంట అందరినీ కాల్చింది.

ఆ మాటలు విన్నప్పుడు, హింసాత్మకమని పేరు పడిన మరొక ఆయత్ మాకు కొత్తగా అర్థమైంది. హత్యకు ప్రతీకార న్యాయాన్ని, అంటే ఖిసాస్‌ను విధించే ఆయతులు బఖరా సూరాలో ఉన్నాయి (2:178-179). ఖిసాస్‌లో మీకు జీవనం ఉన్నదని అవి చెబుతాయి. ప్రాణం తీసే శిక్షలో జీవనమేమిటని పట్టణాలలో చదువుకున్నవారు అడుగుతారు. పాత ఆళ్ళగడ్డకు ఆ వివరణ అక్కరలేదు. ఆ ఆయత్ దిగిన అరేబియా కూడా అలాంటి నేలే. ఒక ఆడ ఒంటె కారణంగా మొదలైన బసూస్ యుద్ధం బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య నలభై ఏళ్ళు సాగిందని ప్రతీతి. అక్కడా ఒక బానిస హత్యకు స్వతంత్రుణ్ణి, ఒకనికి పదిమందిని చంపేవారు. అటువంటి సమాజంతో ఖుర్ఆన్ చెప్పినది: చంపినవాడు తప్ప మరొకరు కాదు, ఒక్కనికి ఒక్కడే, అదీ న్యాయవిచారణ ద్వారానే. ఆ వెంటనే, అదే ఆయత్‌లో, హతుని బంధువు హంతకుణ్ణి క్షమించే దారి తెరిచి, ఆ సందర్భంలో హంతకుణ్ణి సోదరుడన్న మాటతో పేర్కొన్నది. హతుని వారసులు హద్దు మీరరాదని మరొక సూరాలో (17:33) హెచ్చరించింది. ఆయత్‌లో ఖడ్గం కనిపించింది నిజమే. అయితే ఆ ఆయత్ ఉన్నది ఖడ్గానికి ఒరను చూపటానికి.

దైవప్రవక్త (స) దీనిని తమ ఇంటి నుండే ఆరంభించారు. 632లో అరఫాత్ మైదానంలో అంతిమ హజ్ ప్రసంగం చేస్తూ అజ్ఞానకాలపు రక్తబాకీలన్నీ రద్దయ్యాయని ప్రకటించారు. మొదటగా రద్దు చేసినది తమ కుటుంబపు బాకీనే. ఆయన పెదతండ్రి అయిన హారిస్ మనవడిని, అంటే రబీఆ కుమారుడిని, శైశవంలో హుజైల్ తెగవారు చంపారు. ఆ పగను ఆయన అక్కడికక్కడే వదులుకున్నారు.

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత, 661 రమజాన్‌లో, కూఫా మస్జిదులో హజ్రత్ అలీ (రజి) తలపై విషపు కత్తి దిగింది. కొట్టినవాడు ఇబ్నె ముల్జిమ్ అనే ఖారిజీ. మరణశయ్యపై హజ్రత్ అలీ తమ కుమారులకు చేసిన ఉపదేశాన్ని చరిత్ర భద్రపరచింది. ఖైదీకి అన్నం పెట్టమన్నారు. తాను బతికితే ఏం చేయాలో తానే నిర్ణయిస్తానన్నారు. మరణిస్తే మాత్రం ఒక్క దెబ్బకు ఒక్క దెబ్బే, శవాన్ని వికృతం చేయరాదు, తన పేరు చెప్పి మరెవ్వరి రక్తం చిందించరాదు అన్నారు. ఆయత్‌ను చేతబట్టుకుని వచ్చినవాడి చేతిలో గాయపడి కూడా, ఆ మహనీయుడు ఆయత్ గీసిన హద్దును దాటలేదు.

ఆ వలీమాలో కూర్చున్న పెద్దలకు మేమీ ఉదంతం చెప్పినప్పుడు హిందువులూ ముస్లిములూ కొంతసేపు మాట్లాడలేదు. దాని విలువ ఆ నేలకు తెలుసు. ఒక విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఖిసాస్ వ్యక్తి చేతిలో పెట్టిన హక్కు ఎన్నడూ కాదు. మన దేశంలో శిక్ష విధించే అధికారం న్యాయస్థానానిది. క్షమించే మనసు మాత్రం ప్రతి ఇంటిదీ.

ఇళ్ళలో మనం చేయదగినది

ఈ రెండు రోజుల అనుభవం తర్వాత మా పాఠక కుటుంబాలకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మొదటిది, పిల్లలు అడిగినప్పుడు కోప్పడవద్దు. వారు మన దగ్గరికి వచ్చి అడగటమే అల్లాహ్ అనుగ్రహం. మనం విసుక్కుంటే రేపు ఫోనును అడుగుతారు.

రెండవది, ఇంట్లో తెలుగు అనువాదం, వీలైతే వ్యాఖ్యానంతో కూడినది, అందుబాటులో ఉంచండి. యుద్ధ ప్రస్తావన ఉన్న ఏ ఆయత్ చదివినా దానికి ముందు అయిదు, తర్వాత అయిదు కలిపి చదివే అలవాటు చేయండి. బఖరా సూరాలో, దొరికిన చోట వధించండన్న 191వ ఆయత్‌ను తీసుకోండి. మీతో పోరాడేవారితోనే పోరాడండి, హద్దు మీరకండి అన్నది దాని ముందరి ఆయత్. వారు విరమిస్తే అల్లాహ్ క్షమించేవాడన్నది దాని తర్వాతి ఆయత్.

మూడవది, తెలియనిది తెలియదని చెప్పండి. ఆలిమ్‌లను అడిగి మరునాడు చెప్పండి. పిల్లల దృష్టిలో మన గౌరవం దానివల్ల తగ్గదు.

నాల్గవది, మన గ్రంథం విషయంలో మనం కోరుకునే న్యాయాన్ని పొరుగువారి గ్రంథం విషయంలో పాటించండి. వారి కథను వారినే అడిగి తెలుసుకోండి.

ఆళ్ళగడ్డ నుండి తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. అమ్మాయి మాకోసమే ఎదురుచూస్తున్నది. గ్రూపులో మళ్ళీ చేరానని చెప్పింది. తండ్రి ఏమంటారోనని ఒకసారి ఆయన వైపు చూసింది. ఆయన ఏమీ అనలేదు. తౌబా సూరా నాల్గవ ఆయత్, అయిదవ ఆయత్, ఆరవ ఆయత్ మూడూ వరుసగా తన చేతితో తెలుగులో రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపిందట. కింద ఒకే వాక్యం రాసింది: "మీరు పంపింది మధ్యలోది, ఇవి దానికి అటూ ఇటూ ఉన్నవి."

జవాబు వచ్చిందా అని అడిగాము.

"ఇద్దరు చదివారు, చాచా. ఒకమ్మాయి మాత్రం రేపు క్యాంటీన్‌లో మాట్లాడదామన్నది" అన్నది.

తండ్రి అల్మారాలోనుంచి తెలుగు ఖుర్ఆన్ తీసి ఆమె చేతికిచ్చి, రేపు దీన్ని కూడా తీసుకుపో బేటీ అన్నారు.

తన గ్రంథాన్ని సగం కాకుండా పూర్తిగా చదివే ఓర్పును, పొరుగువారి పట్ల న్యాయంగా ఉండే మనసును అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.